మెలితే దాకా వెళ్లిన తాళం చెవి

నాకు ఇంగ్లీషు నేర్పింది బడి కాదు, యూనియన్ కాంట్రాక్టు. అరచేతిలో పట్టే పసుపు అట్ట పుస్తకం. కార్లకి కావలసిన వైర్లు కట్టలు కట్టే ఫ్యాక్టరీలో బోర్డు ముందు నిలబడి టేపు చుడుతూ, బ్రేకులో ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. అందులో ఒక వాక్యం నాకు బాగా పట్టింది. సెలవు పనివాళ్ల హక్కు, కంపెనీ పెట్టే ముష్టి కాదు. సరిగ్గా ఇవే మాటలు కావులెండి. లాయర్లు రాసింది కదా, చుట్టూ తిప్పి తిప్పి రాశారు. నేను ఉన్నదున్నట్టు చెబుతున్నాను. నాకు తిప్పడం రాదు.

ఇది అమెరికాలో 1984 వేసవి సంగతి.

కొత్త మోడల్ కార్ల కోసం మిషన్లు మార్చాలని జూలైలో రెండు వారాలు ఫ్యాక్టరీ మూసేస్తారు. షట్‌డౌన్ అంటారు. లైన్ మీద నాతో పనిచేసే ఆడవాళ్లు ఆ రెండు వారాలూ చెరువుల ఒడ్డున కుర్చీలు వేసుకుని కాళ్లు చాపుకుంటారు. నేను పదకొండేళ్లు వంట చేశాను. మా తెలుగు క్రైస్తవ సంఘం వార్షిక సభలు సరిగ్గా అప్పుడే పెట్టేవాళ్లు. డాక్టర్లకి షట్‌డౌన్ ఉందా, లేదు. ఇంజనీర్లు ఎప్పుడంటే అప్పుడు సెలవు పెట్టుకోగలరు. మరి ఆ తేదీలే ఎందుకు? దేవకుమారి ఖాళీగా ఉంటుంది గనక. దేవకుమారి అంటే నేనే.

మూడు రోజుల సభలు, రెండువందల మంది. ముందు వారం మసాలాలు, పచ్చళ్లు. తర్వాతి వారం గుండిగలు తోమి, ఆరబెట్టి, సర్దడం. అయిపోయింది షట్‌డౌన్.

సంఘంలో డాక్టర్లు ఎనిమిది మంది, ఇంజనీర్లు పదకొండు మంది. గోళ్లలో నలుపు ఉండేది మా ఇద్దరికే. మా ఆయన కృపావరం కార్ల రేకులు వంచే అచ్చులు చేస్తాడు, డై మేకర్. ఆయన పనిచేసే షాపూ అప్పుడే మూసేవాళ్లు. మాకు పిల్లలు లేరు. పిల్లలు లేనివాళ్లకి పనేముంటుంది అనే మాట సంఘంలో ఎవరూ పైకి అనలేదు, అందరూ నమ్మారు. ఎయిర్‌పోర్టుకి ఎవరు పోవాలి, కృపావరం. కుర్చీలు ఎవరు వేయాలి, కృపావరం. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక అమెరికన్ చర్చి వాళ్లు ఆదివారం మధ్యాహ్నాలు తమ బేస్‌మెంటు మాకిచ్చేవారు. మెట్ల కింద ఒక గది. మన గుండిగలూ నిలువెత్తు గరిటెలూ గ్రైండర్లూ అందులోనే. ఆ గదికి తాళం కూడా మా ఆయనే తన షాపులో చేత్తో చేసి బిగించాడు. చెవి ఒక్కటే. అది ఆయన బెల్టుకి కారు తాళాలతో కలిసి వేలాడుతూ, ఆయన నడిస్తే గలగలమనేది. సంఘంలో పిల్లలు ఆయన్ని ‘కీ అంకుల్’ అనేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. అన్నిటికీ నవ్వి ఊరుకోవడమే ఆయన పద్ధతి. నాకు అది చూస్తే ఒళ్లు మండేది.

ఏప్రిల్‌లో ఒకరోజు లంచ్ బ్రేకులో నా పక్క బోర్డు మీద పనిచేసే లొరెయిన్ అడిగింది.

“షట్‌డౌన్‌కి ఏం చేస్తున్నావు, దేవ్?”

“వంట. చర్చిలో. రెండువందల మందికి.”

“మీ చర్చిలో మగాళ్లకి చేతుల్లేవా?”

“ఉన్నాయి. పైకెత్తి స్తుతిస్తారు.”

నవ్వి నవ్వి ఆమెకి శాండ్‌విచ్ గొంతుకి అడ్డం పడింది. తేరుకుని అంది: “ఇక్కడ ఫోర్‌మన్ నీ బ్రేకులో ఐదు నిమిషాలు కోస్తే గ్రీవెన్స్ రాస్తావు. నాకూ రాసిపెడతావు. అక్కడ పదకొండేళ్లుగా రెండేసి వారాలు కోసేస్తుంటే పప్పు కలుపుతున్నావు. నువ్వేం స్టీవార్డువి?”

నేను ఆ లైనుకి యూనియన్ స్టీవార్డుని. ముప్ఫై ఇద్దరి తగాదాలు నావి. ఫోర్‌మన్లు నన్ను చూసి దారి మార్చుకునేవాళ్లు. ఆ పూట టేపు చుడుతుంటే వేళ్లు తడబడ్డాయి.

ఆ సాయంత్రం మా ఆయన్ని అడిగాను. “ఏవండీ, మీకు నిజంగా సెలవంటూ దొరికితే ఎక్కడికి పోతారు?”

అన్నం కలుపుతున్న మనిషి తల ఎత్తకుండా చెప్పాడు. “రొదు. క్రేతు. కుప్ర. మెలితే.”

నలభై ఏళ్లుగా నోట్లో పెట్టుకుని కూర్చున్నట్టు చెప్పాడు. మా నరసాపురం ఆదివారం బడిలో గోడకి ఒక గుడ్డ పటం ఉండేది. అపొస్తలులు, అంటే ప్రభువు శిష్యులు, ఓడల్లో తిరిగిన దారులు ఎర్ర గీతలతో. పేర్లన్నీ తెలుగులో. వాటిని ఇంగ్లీషులో ఏమంటారో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆయన లేచి, చెయ్యి కడుక్కుని, డ్రాయరు లోంచి ఒక గ్రాఫ్ కాగితం తెచ్చాడు. ఆ పటాన్ని గుర్తున్నంత వరకు గీసి పెట్టుకున్నాడు. ఎప్పుడు గీశాడో నాకు తెలియదు. ఒకే ఇంట్లో ఉంటాం.

“ఈ షట్‌డౌన్‌కి పోదాం,” అన్నాను.

“మరి సభలు?”

“జరుగుతాయి. వాక్యం చెప్పేవాళ్లకి లోటా?”

ఆయన నవ్వి ఊరుకున్నాడు. నేను దాన్ని సరే అనుకున్నాను.

మిషిగన్ అవెన్యూలో ఒక ట్రావెల్ ఏజెంటు ఉన్నాడు, జమ్మిట్ అని ముసలాయన. లొరెయిన్ చెప్పింది. ఆయన ముందు గ్రాఫ్ కాగితం పరిచి, తెలుగు పేర్లు నాకు చేతనైనంత గట్టిగా చదివాను. రొదు అంటే పటం చూసి రోడ్స్ అన్నాడు. క్రేతు అంటే వెంటనే తెలిసిపోయింది. మెలితే అనేసరికి కుర్చీలోంచి లేచాడు.

“మెలితా? అది మా ఊరమ్మా. మాల్టా. పాత పేరు నీకెవరు చెప్పారు?”

“మా ఆదివారం బడి.”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మీరు మా చెల్లెలింట్లో దిగాలి, హోటలు మాటెత్తితే ఊరుకోను అన్నాడు. ఆ సంబరంలో కుప్ర దగ్గర ఆయన సరిగా వినలేదు. నేనూ సరిగా చూడలేదు. “కుప్ర, కుప్ర,” అన్నాను. “ఓ, కాప్రి. దారిలోదే, నేపుల్స్ నుంచి పడవ,” అంటూ రాసుకున్నాడు. టికెట్ల మీద కాప్రి అని వచ్చింది. మా ఇద్దరికీ అనుమానమే రాలేదు. యాకోబుని జేమ్స్ చేసినవాళ్లకి కుప్రని కాప్రి చెయ్యడం ఎంత సేపు? పేపర్లో సైప్రస్ అని రోజూ చూస్తూనే ఉన్నాం. అది వేరే ఏదో దేశం అనుకున్నాం.

మే నెలలో అబ్రహాం గారు మా ఇంటికి వచ్చారు, భార్య దీనమ్మతో. ఆయన గుండె ఆపరేషన్ల డాక్టరు, సంఘపెద్ద. వరసకి అన్నయ్య అని పిలిచేదాన్ని, ఆవిడ వదిన. వందనాలు అయ్యాయి, టీ ఇచ్చాను. అబ్రహాం గారు కప్పు పట్టుకుని తాగకుండా మొదలుపెట్టారు.

“సంఘం సెలవు తీసుకోకుండా టికెట్లు ఎలా కొన్నారమ్మా?”

“ఫ్యాక్టరీ ఇచ్చింది సెలవు.”

“అది ఆ సెలవు. నేనడిగేది ఈ సెలవు. అనుమతి.”

“తెలుగులో రెండిటికీ ఒకటే మాట ఉంది అన్నయ్య గారూ. నేనేం చెయ్యను? నాది నాకు వచ్చేసింది.”

“ఈ వెటకారం వద్దు. నువ్వు చేసేది పని కాదు చెల్లెమ్మా, పరిచర్య. దేవుడు నీకిచ్చిన వంట పరిచర్య.”

“మీరు మైకు ముందు నిలబడితే వాక్య పరిచర్య. నేను పొయ్యి ముందు నిలబడితే వంట పరిచర్య. బాగుంది. ఈ ఒక్క ఏడాదీ మార్చుకుందాం. నేను మైకు దగ్గరుంటాను, మీరు వంకాయలు కొయ్యండి. కోసేది మీకు అలవాటేగా.”

దీనమ్మ వదినకి టీ పొలమారింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. దగ్గో నవ్వో అప్పుడు నాకు తెలియలేదు.

అబ్రహాం గారి ముఖం బిగుసుకుంది. ఆయన చెడ్డమనిషి కాదు. మాకు జ్వరమొస్తే మందు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయినవాడే. కాకపోతే తనకి కుర్చీ ఎవరో వేస్తారని పుట్టినప్పటినుంచీ తెలిసినవాడు. నన్ను వదిలేసి మా ఆయన వైపు తిరిగారు.

“కృపావరం, పవిత్రమైన స్థలాలు చూడాలనుకోవడం మంచిదే. సెప్టెంబరులో వెళ్లండి. మేమే ప్రార్థన చేసి పంపిస్తాం. కాదని ఇప్పుడే వెళితే, ఆగస్టు మొదటి ఆదివారం సంఘం ముందు సాక్ష్యంలో తప్పు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే బల్ల ఇవ్వడం నాకు కష్టమవుతుంది.”

బల్ల అంటే నెలకోసారి రొట్టె విరిచి, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల. నాకు అది లేకపోయినా బతుకుతాను. మా ఆయన బతకలేడు. పన్నెండో ఏట పంట కాలవలో బాప్తిస్మం తీసుకున్నాడు, ఆనాటినుంచి ఒక్క బల్ల తప్పలేదు. వచ్చిన కొత్తలో, మంచు తుఫానులో కారు ఇరుక్కుంటే రెండు మైళ్లు నడిచి పోయాడు. ఈ దేశంలో ఆయనకి నా అనేవాళ్లంతా ఆ బేస్‌మెంటులోనే ఉన్నారు. అబ్రహాం గారికి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే ఆ చోటే చూసి కొట్టారు.

ఇప్పుడైనా ఏదో అంటాడని చూశాను.

“టీ చల్లారిపోతుంది అన్నయ్యా, తాగండి,” అన్నాడు మా ఆయన.

అంతే. వాళ్లు వెళ్లాక నేను గదంతా తిరిగాను. “ఒక్క మాట అనలేరా మీరు?”

“నువ్వు అంటున్నావుగా.”

“మీకంటూ ఏమీ లేదా?”

“బల్ల లేకపోతే నాకు ఆదివారం ఏముంటుంది కుమారీ?”

“అయితే టికెట్లు వెనక్కి ఇచ్చేద్దామా? చెప్పండి. నేను ఈడ్చుకుపోయానని రేపు అనొద్దు.”

ఆయన బేస్‌మెంటులోకి వెళ్లి ఏదో ఇనప ముక్క ఆకురాయితో రాయడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడే జవాబు అనుకోవాలి. పన్నెండేళ్ల కాపురంలో నాకు చాలా జవాబులు అలాగే వచ్చాయి.

టికెట్లు వెనక్కి ఇవ్వలేదు. జూలైలో షట్‌డౌన్ మొదలైన శనివారం బయల్దేరాం.

రొదులో మేము దిగిన గది కిటికీలోంచి కోట గోడ, దాని మీద ఆరేసిన ఎవరివో దుప్పట్లు కనిపించేవి. మూడో రోజు ప్యాంట్లు ఉతుకుదామని జేబులు తడిమాను. చేతికి ఇనుము తగిలింది. గుండిగల గది తాళం చెవి.

“ఏవండీ. ఇదేంటి ఇక్కడుంది?”

ఆయన కుర్చీలో కూర్చుని పీచు పండు తింటున్నాడు. చూశాడు. “అవును,” అన్నాడు.

“శుక్రవారం నుంచి సభలు. గిన్నెలన్నీ ఆ గదిలో ఉన్నాయి. మర్చిపోయారా?”

పీచు గింజని జాగ్రత్తగా కాగితంలో చుట్టాడు. “క్రేతుకి పడవ ఎన్నింటికి?”

“నేనడిగేదేంటి, మీరు చెప్పేదేంటి? ఫోన్ చేద్దామా? తపాలాఫీసు కింద వీధిలోనే ఉంది.”

“చెవిని ఫోన్లో పంపలేం కదా.”

మతిమరుపు మనిషి, భయంతో మాట పడిపోయింది అనుకున్నాను. జాలేసింది కూడా. ఇక ఆ సంగతి ఎత్తలేదు. తన బూటు తాడు తీసి, దానికి చెవి గుచ్చి, మెడలో వేసుకున్నాడు. మళ్లీ ఎక్కడైనా పోతుందని కాబోలు అనుకున్నాను.

క్రేతుకి పోయే పడవ మీద గాలి తెగ కొట్టింది. డెక్కు మీద మేకల వాళ్లు, సైనికులు, గిటార్ల పిల్లకాయలు. మా ఆయన రెండు చేతులతో గ్రాఫ్ కాగితం పట్టుకుని, ఎదురుగా కొండ కనిపించినప్పుడల్లా పెన్సిలుతో దిద్దాడు. తాను గీసింది ఎక్కడ తప్పో తెలిసినకొద్దీ ఆయన ముఖం వెలిగిపోయింది. షాపులో అచ్చు ఒక వెంట్రుక తేడా వస్తే అన్నం మానేసే మనిషి, నలభై ఏళ్ల పటం తప్పని తేలితే సంతోషపడ్డాడు.

ఏథెన్సుకి విమానం, అక్కడినుంచి రోము, రైల్లో నేపుల్స్, మళ్లీ పడవ. కుప్ర వస్తోందని మా ఆయన చొక్కా మార్చుకున్నాడు, తెల్లది. పడవ కట్టేసే నావికుడిని నా చేత అడిగించాడు: అపొస్తలులు దిగింది ఈ ఒడ్డునా, ఆ ఒడ్డునా?

నావికుడు నన్ను ఎగాదిగా చూశాడు. “అపొస్తలులెవరూ రాలేదు సిన్యోరా. వెనకటికి రోమా చక్రవర్తి ఒకాయన వచ్చి మజా చేసేవాడు. ఇప్పుడు సినిమా వాళ్లు వస్తారు.”

“ఇది కాప్రి కాదా?”

“కాప్రే. మీకు కావలసింది సైప్రస్. అది అటు, వెయ్యి మైళ్లు.” వేలితో మేము వచ్చిన వైపే చూపించాడు.

రేవులో దిగి ఇద్దరం పెట్టెల మీద కూర్చున్నాం. ఎటు చూసినా బికినీలు, గళ్ల గొడుగులు, నిమ్మకాయలు. మా ఆయన తెల్ల చొక్కా, నా నేత చీర. ఎవడో పెళ్లివాళ్లమనుకుని మాకు ఫొటో తీశాడు.

“మనం కుప్రకి రాలేదు కుమారీ,” అన్నాడాయన.

“లేదు.”

“సాక్ష్యంలో ఏం చెబుతాం? ఏ పాదాలూ పడని చోటికి వచ్చాం అని చెబుతామా?”

నాకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూశాను, ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాను. “మన పాదాలు పడ్డాయిగా,” అన్నాను. “అవి చాలవా? ఎవరి అడుగుజాడా లేదు, ఎవరికీ కుర్చీలు వెయ్యక్కర్లేదు. కూర్చోండి, మనమే కూర్చుందాం.”

ఆయన వంగి బూట్లు విప్పాడు, ఒకదానికి తాడు లేదుగా, అది ఊరికే వచ్చేసింది. మేజోళ్లు మడిచి అందులో పెట్టాడు.

ఆ మధ్యాహ్నం రాళ్ల మధ్య ఒక చిన్న మడుగులాంటి చోట ఆయన ఈదాడు. కాలవ ఒడ్డున పుట్టినవాడికి ఈత రాదా, వచ్చు. నేను చూడ్డం అదే మొదటిసారి. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున ఆయన నీడ ఆయనతోపాటే ఈదింది. మెడలో గుండిగల గది తాళం చెవి తళుక్కుమంటోంది. నన్ను కూడా దింపాడు, లొరెయిన్ ఇచ్చిన స్విమ్ సూటు మీద ఆయన చొక్కా తొడుక్కుని దిగాను. “వీపు కింద నా చెయ్యి ఉంటుంది. మెడ వదిలెయ్యి. ఉప్పు నీళ్లు, మోస్తాయి,” అన్నాడు. మోశాయి. చెయ్యి ఎప్పుడు తీసేశాడో తెలియదు. పదకొండేళ్లు గుండిగలు మోసిన ఒంటిని ఏదో ఒకటి మొయ్యడం నాకు కొత్త.

రెండు రోజులన్నది నాలుగు రోజులుండిపోయాం.

చివరిది మెలితే. జమ్మిట్ గారి చెల్లెలు కర్మేనా అని లావుపాటి మనిషి, తలకి గుడ్డ కట్టుకుని గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. రాతి ఇల్లు, పెరట్లో అంజూరపు చెట్టు. పెద్ద రొట్టె గుండెకానించి తన వైపే కోస్తూ, ముక్క మీద టమాటా కాయ అరిగేదాకా రుద్ది, నూనె పోసి మా చేతుల్లో పెట్టింది. ప్లేట్లు లేవు. నేను లేచి సాయం చెయ్యబోతే భుజం పట్టుకుని కూర్చోబెట్టేసింది.

ఆవిడకి మా ఆయన మెడలో చెవి కనిపించింది. శిలువ ఉండాల్సిన చోట చెవి ఏమిటని సైగ చేసింది. పరలోకపు తాళాలు పట్టుకునే పీటర్ తన చెవి ఏమన్నా ఇచ్చాడా అని అడిగినట్టుంది.

మా ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం. కర్మేనాకీ అంతే. అందుకే ఆయన చాలా మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

“కిచెన్ కీ. మై వైఫ్ కిచెన్.” తాళం వేసినట్టు చెయ్యి తిప్పాడు. “లాక్. షీ, హాలిడే.”

కర్మేనా తల వెనక్కి వేసి నవ్వి, ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది. ఆయన కూడా నవ్వాడు.

నేను రొట్టె తింటున్నాను. తింటూనే ఉన్నాను. టమాటా రసం మోచేతి దాకా కారింది, తుడుచుకోవడం తోచలేదు. ఆ నవ్వుని నేను పన్నెండేళ్లుగా సరే అనుకున్నాను, భయం అనుకున్నాను, చేతకానితనం అనుకున్నాను. ఒక్కసారీ అడగలేదు. స్టీవార్డుని నేను. ముప్ఫై ఇద్దరి మాట వినేదాన్ని.

“ఇంకో ముక్క తింటారా?” అన్నాను.

“సగం,” అన్నాడు.

ఆగస్టు మొదటి ఆదివారం. బేస్‌మెంటులో మేము అడుగు పెట్టేసరికి మాటలు ఆగిపోయాయి. దీనమ్మ వదిన ఒక్కతే పక్కకి వచ్చి, పెదవులు కదలకుండా సభల కబురు చెప్పింది. ఎనిమిది మంది డాక్టర్లూ తాళం చుట్టూ చేరి రోగిని చూసినట్టు చూశారట. ఇంజనీర్లు కాగితం మీద బొమ్మ గీశారట. తలుపు పగలగొడదామంటే అమెరికన్ చర్చి వాళ్లు వీల్లేదన్నారట. మూడు రోజులూ పిజ్జాలు. రాజమండ్రి నుంచి వచ్చిన ప్రసంగీకుడు గారికి చీజ్ పడక రెండో కూటం నిమిషాల్లో ముగించారట. “అంత చక్కటి ప్రసంగం నా జీవితంలో వినలేదు,” అంది వదిన.

పాటలయ్యాయి. ముందు తెల్లగుడ్డ వేసిన బల్ల, దాని మీద రొట్టె. అబ్రహాం గారు మైకులో అన్నారు: “సహోదరుడు కృపావరం సాక్ష్యం చెబుతాడు.”

మా ఆయన లేచాడు. నేను ఆయన చెయ్యి పట్టుకోబోయి మానేశాను. ముందుకు నడిచాడు, గలగల లేదు. మైకు తీసుకోలేదు. ఆయన గొంతు చిన్నది, అందుకే అందరూ ముందుకి వంగారు.

“కుప్రకి పోదామని కాప్రికి పోయాం. అక్కడ అపొస్తలులు దిగలేదు. ఈత కొట్టాం. బాగుంది.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

“తాళం చెవి సంగతి చెప్పు,” అన్నారు అబ్రహాం గారు. “మర్చిపోయానని ఒక్క మాట చెప్పు కృపావరం. సంఘం క్షమిస్తుంది.” ఆయన దారి ఇస్తున్నారు. పెద్దమనసుతోనే ఇస్తున్నారు. ఆ ఒక్క అబద్ధం ఆడితే బల్ల దక్కుతుంది.

“మర్చిపోలేదన్నయ్యా,” అన్నాడు మా ఆయన. “తెలిసే తీసుకుపోయాను. చెవి ఇక్కడుంటే ఎవరో ఒక ఆడకూతురు వంట చేసేది. తప్పని నాకు తోచలేదు.” మెడలోంచి బూటు తాడు తీసి, చెవిని అబ్రహాం గారి చేతిలో పెట్టాడు. “ఇక ఆ గది మీది. గుండిగలు బరువు, ఎత్తేప్పుడు నడుం వంచకండి, మోకాళ్లు వంచండి. మాకు సెలవు.”

సెలవు అంటే సంఘం వదిలి పోతున్నాడని అందరూ అనుకున్నారు. నేనూ అనుకుని చేతిసంచీ తీసుకున్నాను. ఆయన మెట్ల వైపు పోలేదు. నేరుగా వచ్చి నా పక్కన, ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాడు. సెలవు చెప్పింది వంటగదికి.

రొట్టె పళ్లెం వరసల్లో బయల్దేరింది. అబ్రహాం గారే పట్టుకుని వచ్చారు. మా ముందు వరసకి ఇచ్చారు. మా దగ్గర ఒక క్షణం ఆగారు. పళ్లెం మమ్మల్ని దాటి వెనక వరసకి పోయింది. మా ఆయన తల వంచుకోలేదు. కానీ ఆయన రెండు చేతులూ ఒళ్లో ఇంకా చాపి ఉన్నాయి, అలవాటు కొద్దీ.

అప్పుడు వెనకనుంచి ఒక చెయ్యి మా ఇద్దరి భుజాల మధ్యగా ముందుకు వచ్చింది. నాలుగు గాజులు, ఉల్లిపాయ వాసన. చేతిలో ఒక్కళ్ల వంతు రొట్టె ముక్క, మూడుగా విరిచి ఉంది. రెండు మా చేతుల్లో పడ్డాయి. మూడోది వెనక్కి పోయింది.

మా ఆయన కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు. అబ్రహాం గారు పళ్లెంతో అక్కడే నిలబడిపోయారు, భార్య వైపు చూస్తూ.

“నడవండి, వెనక ఇంకా మనుషులున్నారు,” అంది దీనమ్మ వదిన. తర్వాత నా చెవి దగ్గరికి వంగింది. “అమ్మాయ్, ఆ సముద్రపు నీళ్లు నన్ను కూడా మోస్తాయా? నేను లావు కదా.”

“మోస్తాయి వదినా.”

“షట్‌డౌన్ తేదీలు ఎప్పుడు తెలుస్తాయి మీకు?”

“జనవరిలో.”

ఆ తర్వాతి ఏడాది అసలు కుప్రకి వెళ్లాం, ముగ్గురం. సభలకి అబ్రహాం గారు ఉల్లిపాయలు కోశారని, ఆయన బెల్టుకి చెవి గలగలమంటోందని, పిల్లలు ‘కీ అంకుల్’ అంటే కోపం తెచ్చుకుంటున్నారని తిరిగొచ్చాక లొరెయిన్ నాకు చెప్పింది. కారం తినలేని మనిషి, చూడ్డానికే మూడు రోజులూ వెళ్లిందట. మా ఆయన కుప్ర ఒడ్డున గ్రాఫ్ కాగితం తీసి, కాసేపు చూసి, మళ్లీ మడిచాడు.

“ఎలా ఉంది?” అన్నాను.

“పవిత్రంగానే ఉంది,” అన్నాడు. “కాప్రి అంత బాగాలేదు.”